నాస్కల్ మట్టిలో పన్ను దొరకాలంటే

హైదరాబాద్‌కు పడమట, ఇప్పటి వికారాబాద్ జిల్లాలో నాస్కల్ అనే ఊరుంది. అక్కడ దక్కన్ లావా పొరల మధ్య ఒక మట్టి పొర ఇరుక్కుని ఉంది. ఒక లావా ప్రవాహం చల్లారాక, మరొకటి వచ్చి కప్పేసేలోపు ఏర్పడిన నీటి మడుగు తాలూకు మట్టి అది. వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. ఆ మట్టిలో దొరికిన పళ్ల ఆధారంగానే 1988లో శిలాజ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ 'నేచర్' పత్రికలో డెక్కనోలెస్టిస్ హిస్లోపీ అనే క్షీరదాన్ని ప్రకటించారు. భారతదేశంలో డైనోసార్ల యుగంలో చివరి భాగమైన క్రెటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదటిసారి. ఆ పళ్లలో ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు.

అంత చిన్న పన్ను పొలం గట్టు మీద నిలబడి చూస్తే కనిపించేది కాదు. ల్యాబ్‌లోనే దొరుకుతుంది, పోతే ల్యాబ్‌లోనే పోతుంది. శిలాజాల వేట అంటే కొండలెక్కడం, సుత్తితో రాయి పగలగొట్టడం అని చాలామంది అనుకుంటారు. ఈ రకం పనిలో ఫలితాన్ని తేల్చేది మాత్రం బకెట్లూ జల్లెడలూ, మైక్రోస్కోప్ ముందు ఓపిగ్గా కూర్చునే మనుషులూ.

మొదటి మెట్టు ఎండబెట్టడం. గోనె సంచుల్లో వచ్చిన మట్టిని పిడికెడంత గడ్డలుగా విరిచి, టార్పాలిన్ మీద పరిచి, లోపలిదాకా ఆరనివ్వాలి. పైకి పొడిగా కనిపించినా గడ్డ నడుమ తడి ఉండిపోతుంది, ఒకటి రెండు గడ్డలు విరిచి చూసుకోవాలి. ఈ ఒక్క పని సరిగ్గా చేయకపోతే తర్వాతి మెట్లన్నీ మొండికేస్తాయి. కారణం తేలికే: బాగా ఆరిన బంకమట్టి సూక్ష్మరంధ్రాల్లో గాలి ఉంటుంది. నీళ్లలో వేయగానే నీరు ఆ రంధ్రాల్లోకి దూసుకుపోయి, లోపలి గాలి నొక్కుకుపోయి, గడ్డ దానంతట అదే విచ్చుకుంటుంది. ముందే తడి ఉంటే ఆ తోపు ఉండదు, గడ్డ గడ్డగానే మిగులుతుంది. అప్పుడు ఎవరో ఒకరు విసుగొచ్చి చేత్తో నలుపుతారు, పళ్లు విరుగుతాయి.

ఉత్త నీళ్లకు లొంగని మట్టికి కిరోసిన్ వాడతారు. ఎండిన మట్టిని బకెట్‌కు నాలుగైదు కిలోలకు మించకుండా వేసి, మునిగేదాకా కిరోసిన్ పోసి, రాత్రంతా ఉంచాలి. పొద్దున కిరోసిన్‌ను గుడ్డలో వడకట్టి మళ్లీ వాడకానికి దాచి, బకెట్‌లో వేడినీళ్లు పోయాలి. మట్టిని అంటుకోవడంలో నీటిదే పైచేయి. రంధ్రాల్లోని కిరోసిన్‌ను నెట్టేసి లోపలికి పోతుంది, కాసేపట్లో గడ్డలు బురదవుతాయి. ఇదంతా ఆరుబయట, మంటకు దూరంగా జరగాలి. నీళ్లు వేరేచోట కాచి తేవాలి తప్ప కిరోసిన్ తడి ఉన్న బకెట్ దరిదాపుల్లో స్టవ్ ఉండకూడదు.

సున్నం పట్టిన రాయికి ఇవేవీ పనిచేయవు. ఒక ముక్క మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది, అదే గుర్తు. అలాంటి రాయిని 5 నుంచి 10 శాతం అసిటిక్ యాసిడ్‌లో నానబెడతారు. ఎముకా పన్నూ కాల్షియం ఫాస్ఫేట్ కాబట్టి, యాసిడ్ వాటిని తినకుండా ముందే లీటరుకు గ్రాము చొప్పున కాల్షియం ఫాస్ఫేట్ పొడి కలుపుతారు. బయటికి తీశాక యాసిడ్‌లో ఎంతసేపు ఉంచామో అంతకు రెండు మూడింతలసేపు మంచినీళ్లలో ఉంచి, నీళ్లు మారుస్తూ ఉండాలి. ఇక్కడ తొందరపడితే పళ్ల పగుళ్లలో కాల్షియం అసిటేట్ మిగిలిపోతుంది. అది ఆరేటప్పుడు స్ఫటికాలు కట్టి పంటి పైనుండే పింగాణీ (ఎనామెల్) పొరను పెచ్చులుగా ఊడగొడుతుంది. కడిగినప్పుడు నిక్షేపంగా ఉన్న పన్ను నెల తర్వాత డబ్బాలో పొడిగా కనిపించిందంటే చాలావరకు కారణం ఇదే.

ఇక జల్లెడ. పైన 2 మిల్లీమీటర్ల కన్ను, దాని కింద 1, అడుగున అర మిల్లీమీటరు. 1 మిల్లీమీటరు జల్లెడతో ఆపేద్దామనే ఆశ ఎప్పుడూ ఉంటుంది, పని సగానికి సగం తగ్గుతుంది కదా. కానీ ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవున్న పన్ను వెడల్పు ఒక మిల్లీమీటరు లోపే ఉంటే, నిలువుగా నిలబడి ఆ కన్నులోంచి దర్జాగా జారిపోతుంది. కింది దవడ పళ్లు సన్నగా ఉంటాయి కాబట్టి ముందు పోయేవి అవే. అప్పుడు సేకరణలో పై దవడ పళ్లే ఎక్కువగా కనిపిస్తాయి, అది ప్రకృతి చెప్పిన లెక్క అని పొరబడతాం. ఏ కన్ను వాడారో రాయని పరిశోధనా పత్రంలో 'ఫలానా జంతువు ఇక్కడ లేదు' అన్న మాటను నేను నమ్మను.

జల్లెడను నీళ్ల తొట్టిలో సగం ముంచి, నెమ్మదిగా పైకీ కిందకీ ఆడించాలి. నీరు అడుగు నుంచి పైకి వచ్చి బురదను తీసుకుపోతుంది. కుళాయి ధార నేరుగా పడితే పంటి మొనలు విరుగుతాయి. ఆ మొనల అమరికను బట్టే జాతి తేలుతుంది, అవి పోయిన పన్ను ఏ జంతువుదో చెప్పడం కష్టం. ఒక ఊరి మట్టి అయ్యాక ఇంకో ఊరిది మొదలుపెట్టేముందు జల్లెడను బ్రష్‌తో కడిగి మిథిలీన్ బ్లూ రంగునీళ్లలో ముంచాలి. కన్నుల్లో ఇరుక్కున్న పాత రేణువు తర్వాత ఊడి పడ్డా నీలంగా కనబడి పట్టుబడుతుంది. ప్రాణహిత-గోదావరి లోయలోని జురాసిక్ కాలపు కోటా రాళ్లనూ నాస్కల్ మట్టినీ ఒకే తొట్టిలో కడిగే ల్యాబ్‌కు ఈ జాగ్రత్త తప్పనిసరి. వాటి మధ్య పది కోట్ల ఏళ్లకు పైగా తేడా ఉంది.

మిగిలిన ఇసుకలోంచి పళ్లను వేరు చేయడానికి బరువైన ద్రవాలు ఉన్నాయి. క్వార్ట్జ్ సాంద్రత 2.65, కాల్సైట్ 2.71, పంటి ఖనిజం 3.1కి అటూఇటూ. సోడియం పాలీటంగ్‌స్టేట్ ద్రావణాన్ని 2.8 దగ్గర ఉంచితే ఇసుక తేలి, పళ్లు మునుగుతాయి. కాకపోతే లావా పొరల మధ్య మట్టిలో చిక్కుంది: లావా గట్టిపడిన బసాల్ట్ రేణువులు కూడా బరువైనవే, పళ్లతోపాటే మునుగుతాయి. ఖరీదైన ద్రవం పోసి దక్కేది కొంచెమే. పైగా అందులో కాల్షియం కలిసిందంటే తెల్లటి మడ్డి కట్టి ద్రవం పాడవుతుంది, స్వేదనజలం తప్ప వాడకూడదు. నాస్కల్ లాంటి మట్టికి నా ఓటు నేరుగా ఏరడానికే.

ఏరడం అంటే చేటలో బియ్యం ఏరినట్టే, కాకపోతే మైక్రోస్కోప్ కింద. గళ్లు గీసిన నల్లటి పళ్లెంలో రేణువు మీద రేణువు పడకుండా పలచగా చల్లి, 10 నుంచి 20 రెట్ల పెద్దగా చూస్తూ గడి తర్వాత గడి జరపాలి. పింగాణీ మెరుపు వేరుగా తెలుస్తుంది, అయినా మోసపుచ్చేవి ఉన్నాయి: జిప్సం పలుకులు, ఆస్ట్రాకోడ్ అనే చిట్టి నీటిజీవుల గుల్లలు, నాచుజాతి కారా మొక్క తాలూకు గుండ్రటి కాయలు. పన్ను కనబడితే తడిపిన 000 నంబరు బ్రష్ మొనకు అంటించి తీయాలి. పట్టకారుతో పట్టారా, చిటుక్కున ఎగిరి గదిలో ఎక్కడో పడుతుంది. ఒకరు చూసిన పళ్లాన్ని అడ్డంగా తిప్పి ఇంకొకరు మళ్లీ చూడాలి. ఈ పని చేసేది ఎక్కువగా ఎమ్మెస్సీ విద్యార్థులు, ల్యాబ్ సహాయకులు. వాళ్ల పేర్లు కృతజ్ఞతల పేరాలో కూడా లేని పత్రాలు చూస్తే బాధేస్తుంది.

ఇలా దొరికిన చిన్నవాటి విలువ పెద్దది. అప్పట్లో భారతదేశం ఆసియాను ఇంకా తాకలేదు. డెక్కనోలెస్టిస్ బంధువుల శిలాజాలు యూరప్, ఉత్తర ఆఫ్రికాల్లో దొరికాయి, మరి ఇది ఇక్కడికెలా వచ్చింది? 1994లో ప్రసాద్, మార్క్ గొదినో నాస్కల్‌లోనే దొరికిన చీలమండ ఎముకలను వర్ణించారు, చెట్లెక్కే జంతువై ఉండొచ్చన్న చర్చ అక్కడ మొదలైంది. 2007లో మధ్యప్రదేశ్‌లోని కిసల్‌పురి నుంచి ఖర్మెరుంగులాటమ్ అనే గిట్టల జంతువును 'సైన్స్' పత్రికలో ప్రకటించారు, ఆధారం ఒకే ఒక్క పన్ను. కోటా రాళ్లలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి చేసిన కృషికి గుర్తుగా, జమ్మూ విశ్వవిద్యాలయంలో కోటా పళ్లను పరిశీలించినవాళ్లు ఒక క్షీరదానికి పైకాసిగూడెం అనే ఊరి పేరూ ఆయన పేరూ కలిపి పైకాసిగూడోడాన్ యాదగిరీ అని పెట్టారు.

చివరగా నంబర్లు. జమ్మూ ల్యాబ్ సేకరణలో ప్రతి పంటికీ వీపీఎల్/జేయూతో (వెర్టిబ్రేట్ పేలియెంటాలజీ ల్యాబ్, జమ్మూ యూనివర్సిటీ) మొదలయ్యే సంఖ్య ఉంటుంది. పన్నును స్లైడ్ మీద అతికించడానికి నీళ్లలో కరిగే ట్రాగకాంత్ జిగురు మేలు, రేపు ఇంకో వైపు నుంచి ఫొటో కావాలంటే తడిపి తిప్పుకోవచ్చు. సీటీ స్కాన్ అవసరమనుకుంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం బంగారు పూత వేయకముందే చేయించాలి. ఏరేసిన మట్టిని కూడా పారేయకూడదు. ఊరు, పొర, జల్లెడ కన్ను, తడిపే ముందు తూచిన బరువు, ఏరినవాళ్ల పేరు చీటీ మీద పెన్సిల్‌తో రాసి, అదే సంచిలో వేసి కట్టి ఉంచాలి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది.