కారు నాది, జెండా నాన్నది

విశాఖలో 150 హార్స్‌పవర్ కారు కొంటే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న మైలేజీ గురించి కాదు. "దీన్ని ఎక్కడ తోలతావమ్మా?" అని. న్యాయమైన ప్రశ్నే. బీచ్ రోడ్డులో పొద్దున్న వాకర్లు, సాయంత్రం టూరిస్టులు. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాకా ఎప్పుడు చూసినా లారీ వెనక లారీ. కాస్త ఖాళీగా దొరికేది సింహాచలం ఘాట్ రోడ్డో, కైలాసగిరి రోడ్డో. మలుపు అవతల ఎవరున్నారో తెలియకుండా అక్కడ స్పీడు చూపించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నేను పళ్ల డాక్టర్ని. రోడ్డు మీద పడి విరిగిన ముందు పళ్లు చివరికి నా కుర్చీలోకే వస్తాయి.

అయినా కొన్నాను. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, మాన్యువల్ గేర్లు, పసుపు రంగు. 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ (టర్బో అంటే ఇంజన్‌లోకి గాలి ఎక్కువగా నెట్టేది), 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఎస్‌యూవీ కొనమని ఇంటిల్లిపాదీ పోరారు గానీ, నాకు కింద కూర్చుని నడిపే కారే ఇష్టం. రంగు చూసి నాన్న "ఆటో స్టాండులో పెడితే వెతుక్కోవాలి" అన్నారు. అమ్మ మాత్రం పసుపు శుభం అంది. ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు లైన్లో నిలబెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, బంపర్‌కి దండ కట్టించి, అప్పుడు ఇంటికి తెచ్చాం. ఆ గుడి మొహం చూడకుండా ఈ ఊళ్లో కొత్త బండి తిరుగుతోందంటే నేను నమ్మను.

కొత్త ఇంజన్‌తో కొన్నాళ్లు ఓపిక పట్టాలి. మొదటి 1000 కిలోమీటర్లు గరిష్ఠ ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లలో, మూడింట రెండు వంతులు దాటొద్దని, ఆ తరవాత 1500 కిలోమీటర్ల దాకా మెల్లగా పెంచుకుంటూ పొమ్మని కంపెనీ వాళ్లే పుస్తకంలో రాస్తారు. కొత్త టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు కూడా మొదట్లో పూర్తి పట్టు ఇవ్వవు. అరకు, అన్నవరం, శ్రీకాకుళం తిప్పి ఆ కిలోమీటర్లన్నీ అయ్యాకే మా కార్ల గ్రూపులో వచ్చిన మెసేజ్‌కి నేనూ వస్తానని పెట్టాను. ఆదివారం పొద్దున్న ఆటోక్రాస్, ఆనందపురం దాటాక.

ఆటోక్రాస్ అనగానే అందరూ రేసు అనుకుంటారు. పక్కన ఇంకో కారు ఉండదు. ఖాళీ జాగాలో కోన్లు పెట్టి మెలికల దారి వేస్తారు. ఒక్కో కారు ఒంటరిగా వెళ్లి రావాలి, టైము రాసుకుంటారు. కోన్ పడేస్తే 2 సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ రన్ లెక్కలోకి రాదు. మొదటి గేరులో బయల్దేరి రెండో గేరు వేశాక మళ్లీ గేరు రాడ్ ముట్టుకునే పని దాదాపు ఉండదు. గంటకి 60 కిలోమీటర్లు దాటితే గొప్ప. మన దేశంలో చాలాచోట్ల మట్టి మీద నడుపుతారు. మాకు దొరికింది కాంక్రీటు. లారీలు తిరగడానికి గోదాముల మధ్య వేసిన యార్డు, ఆదివారం పని ఉండదు. యజమాని గ్రూపులో ఒకాయనకి బంధువు.

ప్రైవేటు జాగా అన్నది ముఖ్యం. ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ స్థలంలో స్పీడు పోటీ పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఉంది. మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇన్సూరెన్స్ సంగతి వేరే. మామూలు కారు పాలసీ తీసి చదవండి, రేసులకీ స్పీడు పరీక్షలకీ వాడితే వర్తించదని ఉంటుంది. అంటే డెంటు పడితే మన జేబే. అందుకే యార్డులోకి వెళ్లగానే నేను చూసింది కోన్లని కాదు, కోన్లకీ గోడకీ మధ్య ఎంత దూరం ఉందా అని. చాలానే వదిలారు.

గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం మమ్మల్నీ కోన్లనీ మార్చి మార్చి చూసి, "ఏటమ్మా, ఇంతమంది ఒక్కపాలే లైసెన్సుకి వొచ్చేసినారేటి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మనకి కోన్లంటే ఆర్టీవో ఆఫీసే.

ముందు బండి తనిఖీ. వీల్ నట్లు బిగువుగా ఉన్నాయా, బ్యాటరీ కదులుతోందా, బ్రేకు పెడల్ గట్టిగా ఉందా. తరవాత లోపల వదులుగా ఉన్నవన్నీ బయటికి తీయించారు. గట్టి మలుపులో నీళ్ల సీసా దొర్లి బ్రేకు పెడల్ కిందికి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఫ్లోర్ మ్యాట్లు, గొడుగు, క్లినిక్ ఫైళ్లు, డిక్కీలో పూజనాటి కొబ్బరి చిప్ప ఒకటి, అన్నీ ఒక అట్టపెట్టెలోకి వెళ్లాయి. తనిఖీ చేసే కుర్రాడు డ్యాష్‌బోర్డు మీది వినాయకుడి దగ్గర ఆగి, మొహమాటపడుతూ "అక్కా, స్వామివారిని కూడా..." అన్నాడు. టేపు గట్టిదే అన్నాను. వేలితో ఇలా కదిపాడు, ఊడి చేతిలోకి వచ్చాడు స్వామి. నాన్న తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

నాన్న తోడుగా వచ్చారు, అంతే. కానీ ఆటోక్రాస్‌లో ఒక పద్ధతి ఉంది. తన వంతు కానప్పుడు ప్రతివాళ్లూ కోన్ల దగ్గర డ్యూటీ చెయ్యాలి. పడ్డ కోన్ పరిగెత్తి నిలబెట్టడం, ఎన్ని పడ్డాయో టైము రాసేవాళ్లకి చెప్పడం, ఏదైనా తేడాగా కనిపిస్తే ఎర్రజెండా ఊపి కారుని ఆపడం. స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లులో జీవితమంతా షిఫ్టులు చేసిన మనిషి జెండా చూశాక ఊరుకుంటారా? అడిగి మరీ తీసుకున్నారు. పైగా ఆ రోజు సేఫ్టీ షూ వేసుకుని వచ్చారు, ఎందుకో నాకిప్పటికీ తెలీదు. ప్రతి కోన్ చుట్టూ ముగ్గుపిండితో చతురస్రం గీసి ఉంది. దాని రూలేమిటో కనుక్కున్నారు. కోన్ జరిగినా నిలబడే ఉండి, అడుగు కొంచెమైనా గీతలో ఉంటే పెనాల్టీ లేదు. పడినా, పూర్తిగా గీత దాటినా ఉంది. ఆ తరవాత ఆయన్ని ఎవరూ కదిలించలేకపోయారు.

నడపడానికి ముందు దారంతా నడవాలి. నిలబడి చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. కారు సీటు ఎత్తుకి మోకాళ్లు వంచి చూస్తే, అదే దారి ఒట్టి కోన్ల గుంపు, ఏది ముందో ఏది వెనకో తెలీదు. పక్కన పడుకోబెట్టిన కోన్లు ఏ వైపు నుంచి వెళ్లాలో చూపిస్తాయి గానీ, కారులో అవి చదివే తీరిక ఉండదు. మాకు వేసింది ఇలా ఉంది: బయల్దేరగానే వరసగా ఆరు కోన్ల మధ్య నుంచి అటూ ఇటూ స్లాలమ్, ఆ తరవాత పొడుగాటి ఎడమ మలుపు, గోదాము గోడ వైపు వెళ్లి వెనక్కి తిరిగే హెయిర్‌పిన్, తిన్నగా కొంత దూరం, ఆఖర్న ముగ్గు గీతల పెట్టెలో పూర్తిగా ఆగాలి.

హెల్మెట్ నా స్కూటీదే. సీటు రోజూకంటే ముందుకి జరిపించారు. భుజాలు సీటుకి ఆనే ఉండి, మణికట్టు స్టీరింగ్ పైభాగానికి అందాలట. బొటనవేళ్లు చెమట పట్టాయి. పొద్దున్న ఏడున్నరకే ఉక్కపోత, దానికి తోడు టెన్షన్.

స్లాలమ్‌లో మొదటి రెండు కోన్లు బాగా వెళ్లాయి. మూడో దానికి కొంచెం ఆలస్యం, నాలుగో దానికి ఇంకొంచెం. ఆ ఆలస్యం పోదు, అప్పులా పెరుగుతుంది. కోన్ పక్కకి చేరాక స్టీరింగ్ తిప్పడం కాదు, చేరేసరికే కారు ముక్కు తరవాతి దాని వైపు మళ్లి ఉండాలి. ఇక హెయిర్‌పిన్. బ్రేకు నిండా తొక్కాను. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పాదం కింద టకటకా కొట్టుకుంది. తొక్కుతూనే తిప్పాను. టైర్లు సినిమాలో లాగా కీచుమనలేదు, కాంక్రీటు మీది దుమ్ముని గరగరా గీకాయి. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. నేను ఇంకా తిప్పాను. కారు మాత్రం గోదాము వైపే చూస్తోంది.

దీన్నే అండర్‌స్టీర్ అంటారు. ముందు చక్రాలు లాగే కారులో పాపం ముందు టైర్లకే అన్ని పనులూ. ఆపేది ఎక్కువగా అవే, తిప్పేది అవే, లాగేది అవే. టైరు పట్టుకి ఒక హద్దు ఉంది, అదంతా బ్రేకుకి ఖర్చుపెడితే తిరగడానికి మిగలదు. అప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పడం వల్ల లాభం లేదు. కొంచెం వెనక్కి ఇచ్చి, స్పీడు తగ్గనిచ్చి, టైరుకి పట్టు దొరికేదాకా ఆగాలి.

58 సెకన్లు. నేను కారు దిగేలోపే అటు నుంచి నాన్న రెండు వేళ్లు చూపించారు. రెండు కోన్లు, 4 సెకన్లు. "ఐదోది తగల్లేదు కదా నాన్నా" అన్నాను. "నేను దాని పక్కనే ఉన్నానమ్మా" అన్నారు. కన్నకూతురని కూడా చూడలేదు.

ఈలోగా ఒకాయన సుద్దముక్కతో నా ముందు టైర్ల అంచున గీతలు గీసి పెట్టాడు. రన్ అయ్యాక చూస్తే ఆ గీత ఎంత దాకా చెరిగిందో దాన్ని బట్టి టైరు పక్కకి ఎంత ఒరుగుతోందో తెలుస్తుంది. నాది పక్కగోడ దాకా చెరిగిపోయింది. రోడ్డుకి సరిపోయే గాలి ఇక్కడ చాలదు. ముందు టైర్లకి ఓ నాలుగైదు పీఎస్‌ఐ గాలి ఎక్కించాక మాట వినడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్లేముందు మళ్లీ దించుకోవడం మరవకూడదు. వందల కొద్దీ పెట్టి కొనే స్టిక్కర్లకంటే ఈ సుద్దముక్క నయం.

ఆ సుద్దముక్క మనిషిది గాజువాకలో గ్యారేజీ. యాభై దాటుంటాయి. ఆయన బండి పాత మారుతీ ఎస్టీమ్, 2007లో తయారీ ఆగిపోయిన మోడల్. 1.3 లీటర్ల ఇంజన్, 85 హార్స్‌పవర్. బానెట్ ఒక రంగు, డోరు ఒక రంగు. ఆ బండి 52 సెకన్లలో వెళ్లి వచ్చింది, ఒక్క కోన్ కదల్లేదు. మొదట నాకు రోషం వచ్చిన మాట నిజమే. తరవాత లెక్క వేసుకుంటే అర్థమైంది. అది 900 కిలోల లోపు బండి, నాది 1200 దాటిన బండి. ప్రతి కోన్ దగ్గరా ఆ బరువుని అటు నుంచి ఇటు మళ్లించాలి. తిన్నటి రోడ్డు మీద నా హార్స్‌పవర్ ఆ తేడాని దాచేస్తుంది, ఇక్కడ దాచుకునే చోటు లేదు.

ఆయన పక్కన కూర్చుని ఒక రన్ చూశాను. అసలు పని ఆయన చేతుల్లో లేదు, మెడలో ఉంది. ఒక కోన్ దాటుతుండగా కళ్లు దాని తరవాతి కోన్ మీద కూడా లేవు, దానికీ అవతలి దాని మీద ఉన్నాయి. హెయిర్‌పిన్‌లోకి ముక్కు పెట్టకముందే తల పూర్తిగా కుడి కిటికీ వైపు తిరిగిపోయింది, బయటికి వచ్చే దారి కోసం. "కోన్ని సూడకండి మేడం, కోన్ని సూత్తే కోన్ కాడికే ఎల్తారు," అన్నాడు. స్టీరింగ్ మీద ఆయన చేతుల పట్టు చూస్తే పిల్లల పళ్లు పట్టుకున్నట్టుంది. నా చేతుల్లో అప్పటికి స్టీరింగ్ కవర్ కుట్టు అచ్చు పడిపోయి ఉంది.

తరవాత రన్‌లలో నేను చేసింది ఒకటే, తొందర తగ్గించుకోవడం. బ్రేకు తిన్నగా ఉన్నప్పుడే, ముందే. తిప్పడం మొదలుపెట్టాక బ్రేకు మెల్లగా వదలడం. ముక్కు బయటికి పోతోందనిపిస్తే యాక్సిలరేటర్ కొంచెం ఎత్తితే చాలు, బరువు ముందు టైర్ల మీదికి వచ్చి కారు లోపలికి వంగుతుంది. అది మొదటిసారి జరిగినప్పుడు నాకు నవ్వొచ్చింది, హెల్మెట్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. హెయిర్‌పిన్‌లో మరీ నెమ్మదిస్తే ఇంజన్ 1500 ఆర్‌పీఎం కిందికి పడిపోయి, టర్బో నిద్ర లేచేదాకా కాలు తొక్కి ఎదురుచూడాలి. కాబట్టి అక్కడ మరీ భయపడినా నష్టమే. అక్కడి నుంచి ఆఖరి పెట్టె దాకా ఉన్న ఆ తిన్నటి ముక్క ఒక్కటే 150 హార్స్‌పవర్ పనికొచ్చిన చోటు. మిగతా దారంతా బ్రేకులూ టైర్లూ కళ్లూ. షోరూములో అందరూ పవర్ గురించే చెబుతారు గానీ, ఈ కారులో నాకు బాగా నచ్చింది బ్రేకు వదిలేటప్పుడు అది ముక్కు తిప్పే తీరు. అది బీచ్ రోడ్డులో ఎన్నేళ్లు తిప్పినా నాకు తెలిసేది కాదు.

ఆఖరికి 54 సెకన్లు, కోన్లు లేవు. ఎస్టీమ్ అందలేదు. ఒక కొత్త ఐ20 వాడు నా ముందున్నాడు, వాణ్ణి ఈసారి చూసుకోవచ్చు.

పదింటికల్లా కాంక్రీటు కాలిపోతోంది, ఆపేశారు. రన్ అయిన వెంటనే ఇంజన్ కట్టేయకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచమన్నారు, టర్బో చల్లబడాలని. బ్రేకుల వాసన యార్డంతా నిండింది. టైర్ల అంచులు గరుకు కాగితంలా అయ్యాయి. తగరపువలస నుంచి ఎవరో ఇడ్లీలు, పునుగులు తెచ్చారు. వాచ్‌మన్ కూడా తిని, "పాసయినారా?" అని అడిగాడు. పాసయ్యాను అన్నాను.

వచ్చేటప్పుడు హైవే మీద నాన్న మాట్లాడిందంతా తన వ్యాగన్‌ఆర్ గురించే. వెయ్యి సీసీ లోపు క్లాసు ఉంది కదా, తనదీ 998 సీసీయే కదా అని. అప్పటికే నిర్వాహకులతో వాదన పెట్టుకుని వచ్చారట. వాళ్లు కుదరదన్నారు. వెడల్పుకంటే ఎత్తు ఎక్కువున్న బండ్లు గట్టి మలుపులో పల్టీ కొట్టే ప్రమాదం ఉంది, రానివ్వరు. వ్యాగన్‌ఆర్ ఎత్తు 1675 మిల్లీమీటర్లు, వెడల్పు 1620. "యాభై ఐదు మిల్లీమీటర్లకి ఇంత రాద్ధాంతమా?" అంటారు ఈయన. మిల్లులో ఒక్క మిల్లీమీటరు తేడాకి కడ్డీ వెనక్కి పంపేవాడినని నాకు చిన్నప్పటి నుంచి చెప్పిన మనిషే.

మధురవాడ దాటాక ఇంకో రూల్ బయటపెట్టారు. ఒకే కారుని ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడపొచ్చట. ఆ విషయమూ కనుక్కునే వచ్చారు. తరవాతి ఈవెంట్ లిస్టులో పసుపు వర్టస్ పక్కన ఇప్పుడు రెండు పేర్లున్నాయి, ఆయనది పైన. టైర్లు రెట్టింపు అరుగుతాయి కదా, డబ్బులు ఎవరివి అని అడిగాను. పెన్షన్ వాళ్లని అడక్కూడదన్నారు.