ప్రోటాన్ ఏ నైట్రోజన్ మీదికి వెళ్తుంది? నన్ను మార్చిన ఒక నెట్ ప్రశ్న

సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో కెమికల్ సైన్సెస్‌కి చదువుతున్న మిత్రులకు. మొదటిసారి రాసినప్పుడు మెయిన్ గ్రూప్ కెమిస్ట్రీని చివరి వారానికి వదిలేశాను. సైక్లోఫాస్ఫజీన్ల (ఫాస్ఫరస్, నైట్రోజన్ ఒకటి విడిచి ఒకటి ఉండే రింగ్ సమ్మేళనాల) గురించి నాకు తెలిసిందల్లా ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్, అమ్మోనియం క్లోరైడ్ చర్యతో వస్తాయని, రింగ్‌లో పి-ఎన్ (ఫాస్ఫరస్-నైట్రోజన్) బంధాలన్నీ ఒకే పొడవని.

ఒక మాక్ టెస్టులో పార్ట్ సి ప్రశ్న వచ్చింది. రింగ్‌లోని ఫాస్ఫరస్‌లకు అతుక్కున్న ఆరు క్లోరిన్ల స్థానంలో డైమిథైల్ అమైన్ గ్రూపులు పెడితే ప్రోటాన్ ఏ నైట్రోజన్ తీసుకుంటుంది? అమైన్ అనగానే బయటి నైట్రోజన్ అని పెట్టేశాను. నాలుగు మార్కులు పోయాయి, పైగా ఒక మార్కు నెగెటివ్. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబు రింగ్ నైట్రోజన్. బయటి నైట్రోజన్ తన లోన్ పెయిర్‌ని (బంధంలో లేని ఎలక్ట్రాన్ జతని) ఫాస్ఫరస్ వైపు ఇచ్చేస్తుంది, అందుకే అది దాదాపు సమతలంగా ఉంటుంది. అలా వచ్చిన ఎలక్ట్రాన్ సాంద్రత రింగ్ నైట్రోజన్‌కి చేరుతుంది. రింగ్ నైట్రోజన్ లోన్ పెయిర్ మాత్రం రింగ్ తలంలోనే ప్రోటాన్‌కి అందుబాటులో ఉంటుంది. ప్రోటాన్ చేరాక దానికి అటూ ఇటూ ఉన్న పి-ఎన్ బంధాలు పొడవవుతాయి, బంధాలన్నీ సమానమన్న మాట ఇక చెల్లదు. క్లోరిన్ ఉంటే కథ తిరగబడుతుంది: ఎలక్ట్రాన్లను లాగేస్తుంది కాబట్టి హెక్సాక్లోరో సమ్మేళనం చాలా బలహీనమైన క్షారం. ఆల్కాక్సీ, ఫినైల్, ఆల్కైల్, అమైనో అని వెళ్లేకొద్దీ క్షారత పెరుగుతుంది. ఈ వరుసని కంఠస్థం చేయకండి, ప్రతి గ్రూపుకీ బొమ్మ గీసి బాణం వేసి చూడండి.

నాకు బాగా నచ్చింది మాత్రం 1989లో అయోవా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జాన్ వెర్కేడ్ బృందం ప్రకటించిన ప్రోఅజాఫాస్ఫట్రేన్ అనే పంజరం లాంటి ఫాస్ఫరస్-నైట్రోజన్ క్షారం. దీనిలో ప్రోటాన్ ఫాస్ఫరస్ మీదికే వెళ్తుంది! వెంటనే ఎదురుగా ఉన్న నైట్రోజన్ ఫాస్ఫరస్‌తో బంధం కడుతుంది, మూడు అయిదు-సభ్యుల వలయాలు ఏర్పడి కాటయాన్ స్థిరపడుతుంది. అసిటోనైట్రైల్‌లో ఆ సంయుగ్మ ఆమ్లం (ప్రోటాన్ చేరిన రూపం) పీకేఏ సుమారు 33; ఈ సంఖ్య ఎంత ఎక్కువైతే క్షారం అంత బలమైనది. అదే ద్రావణిలో డీబీయూ అనే బలమైన సేంద్రియ క్షారానిది సుమారు 24.

డైమిథైల్ అమైనో ఫాస్ఫజీన్‌కి చెప్పే 7.6 మాత్రం నైట్రోబెంజీన్‌లో కొలిచింది. దాన్ని 33 పక్కన పెట్టి పోల్చకూడదు. అందుకే ఇప్పుడు నా నోట్స్‌లో ప్రతి పీకేఏ పక్కన ద్రావణి పేరు ఎర్ర ఇంకుతో రాసుకుంటున్నాను.