మీటరు దూరం లోపల: బొనైర్ నీళ్ళలో ఫొటోల సాధన

కరీబియన్ సముద్రంలో డైవింగ్‌కు ఎన్నో దీవులు ఉన్నా, ఫొటోలు నేర్చుకోవడానికి నేను బొనైర్‌కే వెళ్ళాను. ఇక్కడ పడవ కోసం ఎదురుచూడనక్కరలేదు. వెనిజులాకు ఉత్తరాన ఉన్న ఈ డచ్చి దీవిలో పశ్చిమ తీరం పొడవునా రోడ్డు పక్కన పసుపు రంగు పూసిన రాళ్ళు కనిపిస్తాయి. రాయి మీద ఆ డైవింగ్ స్థలం పేరు రాసి ఉంటుంది. బండి ఆపి, ట్యాంకు తగిలించుకుని, నడిచి నీళ్ళలోకి దిగడమే. నిన్న చూసిన పీతను ఇవాళ మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళవచ్చు. పడవ మీద వెళ్తే గైడు వెంట గుంపుతో పాటు కదలాలి, ఒక రొయ్య దగ్గర ఇరవై నిమిషాలు ఆగుతానంటే కుదరదు. ఫొటోలు తీసేవారికి కావలసింది సరిగ్గా ఆ ఇరవై నిమిషాలే.

నా సరంజామా చిన్నది. ఒలింపస్ టీజీ-6 కెమెరా, 45 మీటర్ల లోతు వరకు పనిచేసే దాని హౌసింగ్ (నీరు చొరని పెట్టె), ఒక స్ట్రోబ్ (నీటి కింద వాడే ఫ్లాష్), ఒక ఫోకస్ లైటు, హౌసింగ్ ముందు బిగించే వైడ్ లెన్సు. కెమెరా ఒంటరిగా 15 మీటర్ల వరకే తట్టుకుంటుంది కాబట్టి హౌసింగ్ తప్పనిసరి. ఖరీదైన కెమెరా ఉంటేనే ఫొటోలు బాగుంటాయన్న మాటను నేను ఒప్పుకోను. నీటి కింద ముందు కుదరాల్సింది మన శరీరం. ఇసుకను తాకకుండా, కాళ్ళు ఆడించకుండా ఒకేచోట తేలగలిగితే చిన్న కెమెరాతోనే చాలా దూరం వెళ్ళవచ్చు.

హౌసింగ్‌ను నేను రాత్రిపూట ఏసీ గదిలోనే మూస్తాను. బయటి తేమగాలి లోపల చిక్కుకుంటే, చల్లటి నీటిలోకి దిగగానే గాజు లోపలి వైపు ఆవిరి పడుతుంది. రెండు సిలికా జెల్ పొట్లాలు పెడితే ఆ బెడద ఉండదు. హౌసింగ్‌లోకి నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం ఓ-రింగును వేలితో తీసి, టార్చి వెలుతురులో ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు కూడా లేదని చూసి, సిలికాన్ గ్రీజును మెరుపు వచ్చేంత మాత్రమే రాస్తాను. గ్రీజు ఎక్కువైతే అదే దుమ్మును పట్టుకుంటుంది. దీవికి చేరాక మొదటిసారి హౌసింగ్‌ను ఖాళీగా, లోపల ఒక కాగితం రుమాలు పెట్టి నీళ్ళలోకి తీసుకెళ్ళాను. రుమాలు పొడిగా తిరిగొచ్చాకే కెమెరా లోపలికి వెళ్ళింది. ఆ మొదటి డైవు ఎలాగూ చేయాల్సిందే: ఇక్కడి సముద్ర ఉద్యానం 1979 నుంచి ఉంది, డైవర్లు రుసుము కట్టి, నియమాలు విని, ఒక పరిచయ డైవు చేశాకే మిగతా చోట్లకు వెళ్ళాలి. చేతి తొడుగులు నిషిద్ధం. తొడుగులు లేని చెయ్యి దేన్నీ పట్టుకోవడానికి సాహసించదు, పగడాలకు అదే రక్షణ.

బారి రీఫ్ అనే పగడాల దిబ్బ, 8 నుంచి 12 మీటర్ల మధ్య. మొదటి రోజులన్నీ ఇక్కడే గడిపాను. స్ట్రోబ్ వెలిగించకుండా తీసిన ఫొటోలన్నీ నీలిరంగులో మునిగిపోయాయి. నీరు ముందుగా మింగేది ఎరుపును. సుమారు ఐదు మీటర్లు దిగేసరికే అది చాలావరకు పోతుంది, ఆ తర్వాత నారింజ, ఇంకా కిందికి వెళ్తే పసుపు. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. లోతు ఒక్కటే లెక్క కాదు, చేపకూ కెమెరాకూ మధ్య ఉన్న నీరు కూడా లెక్కే. స్ట్రోబ్ వెలుగు చేప దాకా వెళ్ళి తిరిగి రావాలి. చేప మీటరు దూరంలో ఉంటే వెలుగు రెండు మీటర్ల నీటిని దాటినట్టు, రెండు మీటర్ల దూరంలో ఉంటే నాలుగు. అందుకే మీటరు దాటితే షట్టర్ నొక్కకూడదని నియమం పెట్టుకున్నాను. దూరంగా కనిపించే తాబేలును కళ్ళారా చూసి వదిలేస్తాను. ఈ ఒక్క నియమంతోనే నా ఫొటోల్లో రంగు సగానికి సగం మెరుగుపడింది.

దగ్గరికి వెళ్ళడమంటే వెంటపడడం కాదు. తరిమితే దొరికేది చేప తోకే. ఫ్రెంచి ఏంజెల్‌ చేపలు తరచూ జంటగా తిరుగుతాయి. అవి వెళ్తున్న దారికి కాస్త ముందు, పక్కగా ఆగి ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటే, మనమేమిటో చూడడానికి వాటంతట అవే వస్తాయి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగపట్టకూడదు, పైకి తేలితే ఊపిరితిత్తులకు ప్రమాదం. ఊపిరి వదిలి, మళ్ళీ పీల్చడానికి ముందు సహజంగా వచ్చే ఆ చిన్న విరామంలో నొక్కడం అలవాటు చేసుకున్నాను. శరీరం స్థిరంగా ఉండేది అప్పుడే.

స్ట్రోబ్‌ను ఎక్కడ పెట్టాలన్నది తేలడానికి చాలా సమయం పట్టింది. లెన్సు పక్కనే పెట్టి నేరుగా ముందుకు వెలిగిస్తే, వానలో బండి లైటు ముందు చినుకులు మెరిసినట్టు నీటిలోని ప్రతి నలుసూ తెల్లచుక్కై మెరుస్తుంది. స్ట్రోబ్‌ను చేయి చాచినంత పక్కకు జరిపి, లెన్సు కంటే కాస్త వెనక్కి ఉంచి, ముఖాన్ని కొద్దిగా బయటికి తిప్పితే వెలుగు అంచు మాత్రమే చేప మీద పడుతుంది, మధ్యలోని నీరు చీకటిగానే ఉంటుంది. ఈ కెమెరాలో షట్టర్ వేగాన్ని మనం నిర్ణయించే పద్ధతి లేదు. అందువల్ల ఫొటోకు అందే వెలుతురును, అంటే ఎక్స్‌పోజర్‌ను కొద్దిగా తగ్గించి వెనుక నీలాన్ని చిక్కగా తెచ్చుకుంటున్నాను.

అదే బారి రీఫ్, మాక్రో, అంటే చిన్న ప్రాణుల్ని అతిదగ్గరగా తీయడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. టీజీ-6 మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నది కూడా స్పష్టంగా పడుతుంది. అంత దగ్గరైతే కెమెరా నీడే అడ్డం వస్తుంది కాబట్టి నేను నాలుగైదు సెంటీమీటర్ల దగ్గర ఆగి, జూమ్ చేసి, స్ట్రోబ్‌ను పై నుంచి కిందికి వంచుతాను. ఫ్లెమింగో టంగ్ అనే చిన్న నత్త విసనకర్ర ఆకారపు పగడాలైన సీ ఫ్యాన్‌లను తింటూ బతుకుతుంది. మన గవ్వలకు దగ్గరి చుట్టం. దాని ఒంటి మీద నల్లటి అంచుతో మెరిసే నారింజ మచ్చలు గుల్లవి కావు, గుల్లను కప్పుకున్న సజీవమైన చర్మానివి. ముట్టుకుంటే చర్మాన్ని లోపలికి లాక్కుంటుంది, మిగిలేది పాలిపోయిన గుల్లే. రంగు దాన్ని కలవరపెట్టని వాడికే దొరుకుతుంది.

క్రిస్మస్ ట్రీ పురుగులదీ అదే తీరు. పగడంలో గూడు కట్టుకుని జంట సుడులుగా విప్పారే ఈ పురుగులు మన నీడ తగిలినా, నీరు కదిలినా క్షణంలో గూట్లోకి జారుకుంటాయి. కదలకుండా ఉంటే కాసేపటికి మళ్ళీ విచ్చుకుంటాయి. ముందే ఫోకస్ దూరాన్ని స్థిరంగా పెట్టుకుని, నా నీడ వాటి మీద పడకుండా జరిగి ఎదురుచూస్తాను. సుడుల మెలిక ఎలా కనిపిస్తుందన్నది చూసే కోణం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, పై నుంచి కాకుండా వాటి ఎత్తుకు దిగి పక్కనుంచి తీయాలి. ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) తీగల మధ్య ఉండే పారదర్శకమైన పెడర్సన్ రొయ్య కూడా ఇలాంటిదే. ఊదా మచ్చలు స్పష్టంగా రావాలంటే వెనుక చీకటి నీరు ఉండేలా కెమెరాను కింది నుంచి కొద్దిగా పైకి పట్టాలి.

సాల్ట్ పియర్, పగటి వెలుగులో. ఉప్పు ఎగుమతి చేసే రేవు స్తంభాలివి. ఓడ ఆగి ఉన్న రోజుల్లో దిగనివ్వరు. స్తంభాల నిండా స్పాంజీలు, వాటి మధ్య చేపల గుంపులు. ఇక్కడ వైడ్ లెన్సు వేశాను. నీళ్ళలో దిగగానే లెన్సును ఒక్క మలుపు విప్పి, గాజుల మధ్య చిక్కిన బుడగలను బయటికి పోనిచ్చి బిగించాలి. స్ట్రోబ్‌ను దగ్గరి స్పాంజీ వైపు పెట్టి, సూర్యుడిని స్తంభం వెనుక దాచి తీసిన ఫొటో నాకు బాగా నచ్చింది. అన్నట్టు, తీరంలో బండిలో ఏ విలువైన వస్తువునూ వదిలి వెళ్ళకూడదు. అందువల్ల ఏ లెన్సు వాడాలో గదిలోనే తేల్చుకుని బయలుదేరడం మంచిది.

హిల్మా హుకర్ శిథిలం, 30 మీటర్లు. 1984లో మునిగిన సరుకు ఓడ, 72 మీటర్ల పొడవు, ఇసుక మీద ఒరిగి ఉంది. అంత పెద్ద దాన్ని ఏ స్ట్రోబ్ వెలిగించగలదు? స్ట్రోబ్ ఆపేసి నలుపు తెలుపుల్లో తీశాను. ఆ లోతులో గాలి 10 మీటర్ల కంటే రెండింతలు త్వరగా ఖర్చవుతుంది, ఇరవై నిమిషాల ఓపిక అక్కడ సాగదు. ఆక్సిజన్ పాలు పెంచిన గాలి నైట్రాక్స్‌తో దిగినా అడుగున ఎక్కువసేపు నిలవలేదు.

రాత్రి డైవు. ఫోకస్ లైటును ఎర్రగా మార్చితే పీతలు, రొయ్యలు బెదరవు. సన్నటి కాళ్ళ ఆరో పీతలు పగలు కంటే ధైర్యంగా బయటికి వస్తాయి. పెద్ద టార్పన్ చేపలు మన దీపపు వెలుగులో వేటాడతాయి. అందువల్ల ఏ చిన్న చేప మీదా టార్చిని ఎక్కువసేపు నిలపకూడదు, దాని ప్రాణానికి మనమే కారణమవుతాం.

లయన్‌ఫిష్ ఎదురైనప్పుడు మనసు బరువెక్కింది. హిందూ మహాసముద్రం, పసిఫిక్‌లకు చెందిన ఈ చేప ఇక్కడ 2009లో కనిపించింది, స్థానిక చేపల పిల్లల్ని విపరీతంగా తింటోంది. అందమైన ఫొటోయే వచ్చింది, కానీ ఆ చేప అక్కడ లేకపోతే నేను ఎక్కువ సంతోషించేవాణ్ణి. 2023లో పగడాల కణజాలాన్ని తినేసే వ్యాధి కూడా చేరింది. పరికరాలను క్రిమినాశక ద్రావణంలో కడగమని డైవర్లను కోరుతున్నారు. నేను ప్రతి స్థలం మారేముందు ఆ పని చేశాను, మీరూ చేయండి.

నీళ్ళ నుంచి బయటికి రాగానే హౌసింగ్‌ను మంచినీటిలో నానబెట్టి, నీళ్ళలోనే ప్రతి బటన్‌ను నొక్కుతాను. ఉప్పు గడ్డకట్టేది స్ప్రింగుల్లోనే. సాయంత్రం రా ఫైళ్ళను (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫొటోలను) ల్యాప్‌టాప్‌లోకి దించి, ప్రతి ఫొటో కింద స్థలం, లోతు, స్ట్రోబ్ కోణం రాసుకుంటాను. మర్నాడు ఏం మార్చాలో ఆ రాతలే చెబుతాయి. చివరి డైవుకూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి కాబట్టి ఆఖరి రోజంతా ఇలా ఫైళ్ళు సర్దడానికే కేటాయించాను.

ఇంకా చేతికి చిక్కనిది పసుపు తల జాఫిష్. మగచేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, మధ్యమధ్య వాటికి ఆక్సిజన్ అందడానికి ఒక్క క్షణం బయటికి ఉమ్మి మళ్ళీ నోట్లోకి తీసుకుంటుంది. ఇసుకలో దాని బొరియలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులతో రాసిపెట్టుకున్నాను. వచ్చేసారి వైడ్ లెన్సు ఇంట్లోనే ఉంటుంది.