ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంటి నుంచి ఫ్యాక్స్ పంపిన నా అనుభవం

న్యూజెర్సీలో మేము ఇల్లు మారినప్పుడు మా అబ్బాయి వైద్య రికార్డులను పాత డాక్టరు నుంచి కొత్త డాక్టరుకు చేర్పించవలసి వచ్చింది. నేను సంతకం చేసిన అనుమతి పత్రం ఈమెయిల్‌లో పంపితే చెల్లదనీ, పోస్టులోనో ఫ్యాక్స్‌లోనో రావాలనీ పాత క్లినిక్ వారు చెప్పారు. బడిలో చేర్చేలోగా టీకాల వివరాలు చేతికి రావాలి కాబట్టి నేను ఫ్యాక్స్‌నే ఎంచుకున్నాను.

విండోస్‌లో ఫ్యాక్స్ పంపే ప్రోగ్రామ్ ఉన్నా, అది పనిచేయాలంటే కంప్యూటరుకు విడిగా ఫ్యాక్స్ మోడెమ్ కావాలి. బ్రాడ్‌బ్యాండ్ వారిచ్చే పెట్టెనూ మోడెమ్ అనే అంటాం గానీ, దానికి ఆ పని రాదు. నేను యూఎస్‌బీ ఫ్యాక్స్ మోడెమ్ ఒకటి కొని, దాని తీగను ఫైబర్ పెట్టెకున్న ఫోన్ సాకెట్‌లో పెట్టాను. నంబరు కలిసి, అవతలి యంత్రం సన్నగా కూత పెట్టి, ఆ తరువాత బుసబుసమని శబ్దం మొదలై, పేజీ మధ్యలో లైను తెగిపోయేది.

కారణం తెలుసుకున్నాక దారి దొరికింది. ఫ్యాక్స్ మోడెమ్ పేజీని శబ్ద సంకేతాలుగా మార్చి పంపుతుంది. మా ఇంట్లో ఫోన్ కూడా ఇంటర్నెట్ మీదే నడుస్తుంది కనుక ఆ శబ్దం ముక్కలుముక్కలుగా ప్రయాణిస్తుంది. ఒక ముక్క ఆలస్యమైతే మాట్లాడుకునేవారు గమనించకపోవచ్చు గానీ, సెకనుకు 14,400 బిట్ల వేగంతో పంపే మోడెమ్‌కు పొంతన తప్పిపోతుంది. పైగా జి.729 వంటి పద్ధతులు మాటకు పనికొచ్చేంత మేరకే శబ్దాన్ని కుదిస్తాయి, ఫ్యాక్స్ సంకేతాలు అందులో చెడిపోతాయి. ఫోన్ సంస్థకు ఫోన్ చేసి, కుదింపు లేని జి.711 వాడమనీ, వీలుంటే ఫ్యాక్స్‌ను శబ్దంగా కాక డేటాగా మోసుకెళ్ళే టి.38 అమర్చమనీ అడిగాను. వారు ఆ మార్పులు చేశాక, మోడెమ్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 9,600కు తగ్గించాను.

పత్రం తయారీకీ ఇంతే శ్రద్ధ అవసరమని నా అభిప్రాయం. నల్ల సిరాతో సంతకం చేసి, రంగులు లేకుండా తెలుపునలుపులోనే స్కాన్ చేశాను. ఫారంలో బూడిదరంగు నింపిన గళ్ళు ఫ్యాక్స్‌లో చుక్కలుచుక్కలుగా మారి, పంపే సమయాన్ని పెంచడమే కాక అక్షరాలను కప్పేస్తాయి కనుక, ఆ రంగును ముందే తీసేశాను. ఈసారి పేజీ తెగకుండా వెళ్ళింది. కంప్యూటరు చూపే 'పంపబడింది' అన్న మాటకు అవతలి యంత్రం అందుకుందని మాత్రమే అర్థం కనుక, క్లినిక్‌కు ఫోన్ చేసి సంతకం, పుట్టినతేదీ స్పష్టంగా కనిపిస్తున్నాయని చెప్పించుకున్నాను.

ఇంటర్నెట్ ఫ్యాక్స్ సేవలతో ఈ పని తేలికే గానీ, పిల్లవాడి వైద్య వివరాలున్న కాగితం మరొకరి సర్వర్లలో నిలవ ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. పాత పద్ధతి ఫోనూ, డీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండూ ఒకే రాగి తీగ మీద నడిచే ఇళ్ళలో ఇన్ని సర్దుబాట్లు అక్కరలేదు. ఫోన్‌నూ ఇంటర్నెట్‌నూ వేరుచేసే చిన్న పెట్టె అయిన స్ప్లిటర్‌లో ఫోన్‌కు కేటాయించిన రంధ్రానికి ఫ్యాక్స్ మోడెమ్ తగిలిస్తే, ఇంటర్నెట్ నడుస్తుండగానే ఫ్యాక్స్ వెళుతుంది.