‘కరిష్యే’ అన్నాకే ‘న జానామి’

వినాయక చవితి ముందు రోజు హన్మకొండ చౌరస్తా దగ్గర పత్రి కట్ట కొంటే అందులో 21 రకాలూ ఎప్పుడూ ఉండవు. ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, గరిక దొరుకుతాయి. మారేడు, జమ్మి కోసం కొంచెం తిరగాలి. దేవదారు మాత్రం మా ఇంటికి ఏ ఏడాదీ రాలేదు. అది హిమాలయాల చెట్టు, ఓరుగల్లు ఎండలకు ఎక్కడ పెరుగుతుంది? అయినా పుస్తకంలో ‘దేవదారుపత్రం పూజయామి’ అని రాగానే మా బాపు ఆగేవాడు కాదు. నాలుగు అక్షతలు చేతిలోకి తీసుకుని, "దేవదారు లేదు స్వామీ, దాని బదులు ఇవి" అని తెలుగులోనే చెప్పి వేసి, తరువాతి ఆకుకు పోయేవాడు.

ఈసారి పుస్తకం చదివే పని మా బిడ్డకు ఇద్దామనుకున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం, నీట్‌కు చదువుతోంది. అంతకు రెండు రోజుల ముందే ఒక టెస్టులో ఫిజిక్స్ మార్కులు బాగా తగ్గాయి. పుస్తకం చేతికిస్తే తీసుకోలేదు. "నేను చదివితే అన్నీ తప్పులే వస్తయి డాడీ. నాకు ఏదీ సక్కగ రాదు. నువ్వే చదువు" అంది.

సరే, పక్కన కూర్చొమ్మని నేనే మొదలుపెట్టాను. కానీ ఆ మాట నా మనసులోంచి పోలేదు. ఇన్నేళ్లుగా గబగబా చదివేసే సంకల్పం ఆ రోజు నిదానంగా చదివాను.

సంకల్పంలో ముందు మన చోటు చెబుతాం. మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఉత్తరాన, కృష్ణా గోదావరుల నడుమ అని. తరువాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, తిథి, వారం. గోత్రం, పేరు. ఇంత పెద్ద సృష్టిలో ఫలానా చోట ఫలానా వాణ్ణి కూర్చున్నానని దేవుడికి అడ్రస్ చెప్పుకోవడమే అది. చివర ‘కరిష్యే’ అంటాం. చేస్తాను అని. ‘చూద్దాం’, ‘వీలైతే చేస్తాను’ అనే మాటలకు అక్కడ చోటు లేదు. అదే వాక్యంలో ‘మమ ఉపాత్త దురితక్షయ ద్వారా’ అని కూడా ఉంది. నేను మూటగట్టుకున్న పాపాలు తొలగడానికి అని అర్థం. అంటే తప్పులు చేసిందీ నేనే, ఈ పూజ చేయబోయేదీ నేనే అని ఒకే ఊపిరిలో ఒప్పుకుని నీళ్లు వదులుతున్నాం. తప్పులన్నీ పోయాక వచ్చి పీట మీద కూర్చో అని ఏ పూజా విధానమూ అనలేదు. ఆఖరికి వినాయకుడి పూజకు కూడా ముందు పసుపు గణపతిని పెట్టి, విఘ్నాలు రాకుండా చూడమని మొక్కుతాం. ఆటంకాలు వస్తాయని తెలిసే మొదలుపెడుతున్నామన్నమాట.

వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరుడి ముందు ఈ ‘కరిష్యే’ అన్నప్పుడల్లా నాకు ఆ ఎదుటి కల్యాణ మండపం గుర్తొస్తుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. మండపం దెబ్బతిన్నదని ఒప్పుకునే రాళ్లు విప్పారు. చాలా ఏళ్లు ఆ చోటు చూస్తే కడుపు తరుక్కుపోయేది. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, మళ్లీ తెరిచారు. బాగానే ఉందిలే అనుకుంటే ఆ రాళ్లు విప్పేవారు కాదు. ఇక లాభం లేదనుకుంటే మళ్లీ నిలబెట్టేవారు కాదు.

పూజ చివర చదివే శ్లోకం అందరికీ తెలిసిందే.

మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం గణాధిప
యత్పూజితం మయా దేవ పరిపూర్ణం తదస్తు తే

మంత్రం సరిగా లేదు, చేయాల్సిన తీరులో చేయలేదు, భక్తి కూడా చాలలేదు. ఇందులో మొదటి రెండూ ఒప్పుకోవడం సులువు. సంస్కృతం రాదు, టైం లేదు అని చెప్పుకోవచ్చు. మూడోది ఒప్పుకోవడమే కష్టం. పూజ జరుగుతుండగా నా మనసు ఫోన్ మీదో, కుడుముల వాసన మీదో ఉందని దేవుడి ఎదుటే చెప్పడం అది. అయితే ఈ ‘హీనం’ అనే మాట దేనికి తగులుతుందో చూడండి. ‘యత్పూజితం’, అంటే జరిగిన పూజకు. చేసిన మనిషికి కాదు. నేను హీనుణ్ణి అని ఈ శ్లోకం అనిపించదు. అలాగని తప్పించుకోనివ్వదు కూడా. ‘మయా’, నా చేత జరిగింది, అనిపిస్తుంది. ఆ తరువాత కూడా ఇది పనికిరాని పూజ అని వెనక్కి తీసుకోం. నీ దయతో ఇదే పరిపూర్ణం కావాలి అని అడుగుతాం. ఇంత లోటున్న దాన్ని పట్టుకుని అంత పెద్ద మాట అడగడానికి ఎంత ధైర్యం కావాలి!

‘ఆవాహనం న జానామి’, పిలవడం కూడా తెలియదు అనే శ్లోకం సైతం పూజ అయ్యాకే వస్తుంది. అదే మొదట వస్తే మనలో సగం మంది దీపం కూడా వెలిగించం. మా బిడ్డ ఆ రోజు చేసింది అదే. చివర అనాల్సిన మాట మొదట అనేసింది.

నాది దానికి తిరగబడిన తప్పు. నేను లెక్కలు చెప్పే పంతులును. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లెక్క బోర్డు మీద తప్పు చేశాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "సార్, అక్కడ మైనస్ రావాలె" అన్నాడు. కూర్చో అని గద్దించాను. సాయంత్రం ఇంట్లో చూసుకుంటే వాడు చెప్పిందే నిజం. మర్నాడు లెక్క సరిదిద్దాను కానీ వాడి పేరు ఎత్తలేదు, తప్పు నాదని అనలేదు. ఆ ఏడాది వాడు మళ్లీ లేచి ఒక్క ప్రశ్న అడగలేదు. ప్రతి చవితికీ ‘న జానామి’ అని గట్టిగా చదివే నోరు, అవసరమైన చోట మూసుకుపోయింది. ఈ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఒక శ్లోకం మాత్రం నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ‘పాపోఽహం పాపకర్మాహం’, నేనే పాపాన్ని అంటుంది. ఇది మనిషిని కుంగదీసే మాట కాదా? అయితే అది మనం ఎప్పుడు అంటున్నాం? ఆత్మప్రదక్షిణం చేస్తూ, నిలబడి, తిరుగుతూ. దానికి ముందే ‘తాని తాని ప్రణశ్యంతి ప్రదక్షిణ పదే పదే’ అని వస్తుంది. అడుగు అడుగుకూ ఆ పాపాలు నశిస్తాయి అని. ఆ వెంటనే ‘శరణాగతవత్సల’ అని పిలుస్తాం. మంచం మీద పడుకుని నేను పాపిని అనుకోవడం వేరు, కాళ్లు కదుపుతూ, రక్షించేవాడు ఎదురుగా ఉండగా అనడం వేరు. మొదటిది నన్ను నేను తిట్టుకోవడమే. రెండోదాన్నే నేను ప్రార్థన అంటాను.

ఆయన పేర్లు కూడా అలాగే ఉన్నాయి. ‘సుముఖశ్చైకదంతశ్చ’. చక్కని ముఖం వాడు అన్న మాట నోట్లో ఉండగానే, ఒక్క దంతం వాడు అని వచ్చేస్తుంది. విరిగిన దంతాన్ని ఎక్కడో చివర దాచలేదు. రెండో పేరే అది. దానికీ నమస్కారమే.

పత్రి పూజ దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పట్టేసింది. పుస్తకం పక్కకు జరిపాను. మా బిడ్డ కాసేపు చూసి, తీసుకుంది. ‘దూర్వాయుగ్మం’ దగ్గర నాలుక తిరగక రెండుసార్లు ఆగింది. మూడోసారి వచ్చినట్టు చదివి ముందుకు పోయింది. దేవదారు దగ్గర నా వైపు చూసింది. నేను ఏమీ అనలేదు. తనే అక్షతలు తీసుకుని, "ఇది లేదు స్వామీ, బదులు ఇవి" అంది.

చవితి నాడు పిల్లల పుస్తకాలు దేవుడి ముందు పెడతాం కదా. మర్నాడు తీసేటప్పుడు పసుపు బొట్టు పెట్టిన తన నోట్‌బుక్ తెరిచి చూశాను. మొదటి పేజీలో పెన్సిల్‌తో రాసి ఉంది: ‘ఫిజిక్స్‌లో రానివి: రొటేషన్, థర్మోడైనమిక్స్, వేవ్స్.’ అంతే, మూడే ఉన్నాయి. కింద ఖాళీ వదిలి, రొటేషన్ పక్కన ఆ రోజు తేదీ వేసుకుంది.