గని నీటిని గ్రామస్థులతో కలిసి పరీక్షించిన నా అనుభవం

గని విస్తరణకు కావలసిన ప్రభుత్వ అనుమతులన్నీ మా సంస్థ చేతికి వచ్చిన తరువాతే చుట్టుపక్కల గ్రామాలు పనులను అడ్డుకున్నాయి. చట్టం అడిగిన ప్రతి పత్రమూ మా వద్ద ఉన్నా లారీలు మాత్రం కదలలేదు. గ్రామాలతో సంబంధాలు చూసే విభాగంలో పనిచేస్తున్న నాకు ఈ ప్రతిష్టంభన నుంచి బయటపడే దారి చూడమని బాధ్యత అప్పగించారు. ఆ పని చివరికి సంస్థ, గ్రామస్థులు కలిసి నీటిని పరీక్షించే ఒక ఉమ్మడి కమిటీగా రూపుదిద్దుకుంది. అది ఎలా ఏర్పడిందో, ఎక్కడెక్కడ ఆగిందో తెలిస్తే ఇటువంటి పనిలోకి దిగేవారికి, గని పక్కన బతికేవారికి కూడా ఉపయోగం ఉంటుందని నమ్మి రాస్తున్నాను.

యాజమాన్యంలో చాలామందికి మొదట్లో ఇదొక ప్రచార సమస్యగానే కనిపించింది. మరో ఆరోగ్య శిబిరం పెడదాం, మరో బడి గది కట్టిద్దాం అన్నారు. అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన అంగీకారం ఉన్నట్టు కాదని చెప్పడానికి నేను వారి ముందు రెండు ఉదాహరణలు ఉంచాను. పాపువా న్యూ గినీ దేశానికి చెందిన బూగన్‌విల్ ద్వీపంలోని పాంగునా రాగి గని అప్పట్లో ప్రపంచంలోని పెద్ద గనులలో ఒకటి. భూమి, నది కాలుష్యం, ఆదాయంలో వాటా వంటి విషయాలపై స్థానికులలో ఏళ్ల తరబడి పేరుకున్న ఆగ్రహం తిరుగుబాటుగా మారి 1989లో దానిని మూయించింది. రెండవది, 2020 మే నెలలో పశ్చిమ ఆస్ట్రేలియాలో రియో టింటో సంస్థ ఇనుప ఖనిజ గని విస్తరణ కోసం జూకన్ గార్జ్ గుహలను పేల్చివేసిన ఘటన. అవి 46,000 ఏళ్ల నాటి మానవ నివాస ఆధారాలున్న గుహలు. పేల్చడానికి ప్రభుత్వ అనుమతి 2013లోనే వచ్చింది కనుక చట్టం దృష్టిలో ఆ పనికి అడ్డు లేదు. అయినా ఆ భూమికి వారసులైన ప్రజల ఆవేదన, దేశమంతటా వచ్చిన నిరసన కారణంగా ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి, మరో ఇద్దరు ఉన్నతాధికారులు పదవులు వదులుకోవలసి వచ్చింది.

గ్రామాలలో సమావేశాలు మొదలయ్యాక, బడి గదుల గురించి గానీ శిబిరాల గురించి గానీ ఎవరూ అడగలేదు. మాట ఎటు తిరిగినా బావుల దగ్గరికి, వాగు దగ్గరికే వచ్చేది. నీటి పరీక్షల ఫలితాలన్నీ పరిమితులలోనే ఉన్నాయని మా సంస్థ ఏటా నివేదికలు వెలువరిస్తున్నదని నేను చెప్పినప్పుడు, ఒక పెద్దావిడ ఇలా అడిగింది: "నీళ్లు మీరే తీసుకుపోతారు, మీరే పరీక్ష చేస్తారు, బాగున్నాయని మీరే చెబుతారు. బాగులేని రోజున ఆ మాట మాకు చెప్పేదెవరండీ?" ఆ ప్రశ్నకు మా సంస్థ వద్ద జవాబు లేదు. సరైన జవాబు సిద్ధం చేయడమే మా పని అని నేను ఆ రోజే నిర్ణయించుకున్నాను.

వారి భయం ఊహ కాదు. మా గని రాతిలో గంధకంతో కూడిన ఖనిజాలు ఉన్నాయి. భూగర్భంలో ఉన్నంత కాలం వాటివల్ల పెద్ద ప్రమాదం లేదు గానీ, తవ్వి పైకి తెచ్చి గుట్టలు పోసినప్పుడు గాలి, నీరు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాతిలోని లోహాలను కరిగించి నీటిలో కలుపుతుంది. ఇది కంటికి కనిపించడానికి ఏళ్లు పట్టవచ్చు, ఒకసారి మొదలైతే ఆపడం మాత్రం చాలా కష్టం. ఈ సంగతిని మా భూగర్భ శాస్త్రవేత్తే సమావేశంలో దాచకుండా వివరించడం, నా దృష్టిలో, ఆ తరువాత జరిగిన అన్నిటికంటే ముఖ్యమైన మలుపు. అపాయం ఉందని ఒప్పుకున్న మనిషి మాటనే జనం ఆసక్తిగా విన్నారు.

అసలు కష్టం సంస్థ లోపలే ఎదురైంది. గ్రామస్థుల చేతికి నీటి పరీక్షల లెక్కలు ఇస్తే రేపు వాటితోనే మనమీద దావా వేస్తారని న్యాయ విభాగం వాదించింది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో స్టిల్‌వాటర్ గని సంస్థ స్థానిక పౌర సంఘాలతో 2000లో చేసుకున్న ఒప్పందాన్ని నేను వారికి చూపించాను. చట్టబద్ధంగా కట్టుబడవలసిన ఆ ఒప్పందం ప్రకారం పౌర సంఘాలకు గని సమాచారం అందుతుంది, స్వతంత్ర నిపుణుల ఖర్చును సంస్థ భరిస్తుంది. కెనడాలో డయావిక్ వజ్రాల గనికి కూడా స్థానిక ఆదివాసీ ప్రజల ప్రతినిధులున్న పర్యావరణ పర్యవేక్షక మండలి ఉంది. డబ్బు సంస్థది, నిపుణుడి ఎంపిక గ్రామాలది అనే సూత్రం మీదనే మా చర్చ చాలాకాలం నలిగింది. చివరకు నిధిని ముందుగానే ఒక ప్రత్యేక ఖాతాలో జమచేసి, కమిటీలో గ్రామ ప్రతినిధుల సంతకం లేనిదే నిపుణుడిని తొలగించడం గానీ మార్చడం గానీ కుదరదని రాసుకున్నాము. ఆ ఒక్క నిబంధన లేకపోతే ఈ కమిటీ అలంకారంగా మిగిలిపోయేదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.

శాంపిళ్లు తీసే చోట్లను గ్రామస్థులే ఎంచుకున్నారు. వాటిలో మా పాత జాబితాలో ఎన్నడూ లేని బావులు ఉన్నాయి. పోల్చి చూడడానికి గనికి ఎగువన ఒక చోటును నిపుణుడు చేర్చాడు. గని మొదలుకాకముందు నీరు ఎలా ఉండేదో చెప్పే లెక్కలు అరకొరగానే ఉన్నందున ఈ ఎగువ శాంపిలే మాకు ఆధారమైంది. పీహెచ్ (నీటిలో ఆమ్లత్వం ఎంతుందో చెప్పే కొలత), విద్యుత్ వాహకత (నీటిలో కరిగిన లవణాలు ఎంతున్నాయో సూచించే కొలత) అక్కడికక్కడే కొలవాలి, ఎందుకంటే సీసాలో నిలవ ఉంచితే ఆ విలువలు మారిపోతాయి. కరిగిన లోహాల కోసం తీసే నీటిని వెంటనే వడపోసి, నత్రికామ్లం కలిపి, పీహెచ్ 2 కంటే తక్కువకు తేవాలి. లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుపోయి ఫలితం తక్కువగా వస్తుంది. ఈ సంగతి తెలిశాక గ్రామం తరఫున వచ్చిన యువతులు ప్రతి సీసా దగ్గర నిలబడి ఆమ్లం కలపడాన్ని స్వయంగా చూసేవారు. సీసా మూత మీద ఇరుపక్షాల సంతకాలతో సీలు, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో రాసే పత్రం, ల్యాబ్‌ను పరీక్షించడానికి ఒకే నీటిని రెండు వేరు వేరు గుర్తులతో పంపడం, స్వచ్ఛమైన నీటితో నింపిన ఒక సీసాను కూడా కలపడం, ఇవన్నీ పద్ధతిలో భాగమయ్యాయి. పరీక్షా ల్యాబ్‌ల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి ఫలితాలు సంస్థకూ గ్రామ ప్రతినిధులకూ ఒకే సమయంలో చేరేవి. మాకు ముందుగా అందే ఏర్పాటు లేదు.

కమిటీకి నిజమైన పరీక్ష ఒక బావిలో గని ఊట చేరుతున్నదేమోనని అనుమానించవలసిన గుర్తులైన మాంగనీస్, సల్ఫేట్ పెరిగినట్టు తేలినప్పుడు వచ్చింది. మరోసారి పరీక్షించి నిర్ధారించుకున్నాకే ప్రకటిద్దామని సంస్థలో కొందరు ఒత్తిడి చేశారు. నిర్ధారణ అవసరమే, కానీ ఆ లోపు ఆ నీరు తాగే కుటుంబాలకు విషయం తెలియాలన్నది ఒప్పందంలో ఉంది, దానిని మేము పాటించాము. ఆ బావి వాడవద్దని చెప్పి వేరే నీటిని సరఫరా చేశాము. రెండవ పరీక్షలోనూ అదే ఫలితం వచ్చింది. వ్యర్థ రాతి గుట్ట నుంచి వచ్చే ఊట, దానిని ఆపవలసిన కాలువ కింది నుంచి దాటిపోతున్నదని తేలడంతో ఆ కాలువను లోతుగా మళ్లీ కట్టవలసి వచ్చింది. ఆ చెడ్డ ఫలితం వెలువడిన తరువాతే మంచి ఫలితాలను కూడా జనం నమ్మడం మొదలుపెట్టారు. అందరూ నమ్మారని చెప్పను. విస్తరణను ఇప్పటికీ వ్యతిరేకించే కుటుంబాలు ఉన్నాయి, వారి ప్రతినిధి కమిటీలోనే ఉన్నారు, అలా ఉండడమే సరైనది. అందరూ తలూపే కమిటీ వల్ల నీటికి కాపలా దొరకదు.

ఫిర్యాదుల విధానం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన వ్యాపార, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలలో అది స్పష్టంగానే ఉంది. బ్లాస్టింగ్ వల్ల గోడలు పగిలాయన్న ఫిర్యాదులకు ఇన్ని రోజుల్లో జవాబు ఇస్తామని రాసి, ఆ గడువును పాటించడమే అందులో సగం పని.

ఖనిజం తీసుకోగా మిగిలే బురదను నిలవ ఉంచే వ్యర్థాల ఆనకట్ట విషయం అంత తేలికగా తేలలేదు. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యోలో కూలి 270 మందిని బలిగొన్న ఆనకట్ట, అంతకు కొద్ది నెలల ముందే స్థిరంగా ఉందని ధ్రువపత్రం పొందింది. ఆ వార్త తెలిసిన గ్రామస్థులకు మా ధ్రువపత్రాన్ని చూపించి ఏం ప్రయోజనం? 2020 ఆగస్టులో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం కూడా ఆనకట్టల సమాచారాన్ని ప్రజలకు వెల్లడించాలనే చెబుతోంది. అందుకే కట్ట లోపలి నీటి మట్టాన్ని కొలిచే పరికరాల రీడింగులను, ప్రమాద హెచ్చరిక వస్తే ఎవరు ఏ దారిన వెళ్లాలో చెప్పే పటాన్ని కూడా కమిటీ ముందు ఉంచేలా సంస్థను ఒప్పించాను.

ప్రస్తుతం కమిటీ ముందున్న అంశం గని మూసివేత. తవ్వకం ఆగిన తరువాత కూడా ఆమ్ల జలం దశాబ్దాల పాటు ఊరుతూ ఉండవచ్చు గనుక, పర్యవేక్షణ ఖర్చును ఇప్పుడే విడిగా పెట్టాలని గ్రామ ప్రతినిధులు కోరగా సంస్థ సూత్రప్రాయంగా అంగీకరించింది. ఆ నిధి ఎంతకాలం ఉండాలన్న దగ్గర చర్చ నిలిచి ఉంది. సంస్థ ఒక నిర్ణీత గడువు అడుగుతోంది. ఎగువ శాంపిల్‌కూ దిగువ బావులకూ తేడా లేదని వరుస పరీక్షలలో తేలేవరకు అది కొనసాగాలన్నది గ్రామాల వాదన. సంస్థ ఉద్యోగినే అయినా, ఈ విషయంలో గ్రామాల వాదనే న్యాయమని నా అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా యాజమాన్యానికి పంపాను.