సాయం చేసే చెయ్యి ఎక్కడ ఆగిపోతుంది?

మంచివాడైతే సాయం చేస్తాడు, కాకపోతే చెయ్యడు. విరాళాలు అడిగే పని, వాలంటీర్లను కూడగట్టే పని నెత్తిన వేసుకున్నవాళ్ళు చాలామంది ఈ లెక్కతోనే మొదలుపెడతారు. ఎవరూ రాకపోయేసరికి లోకాన్ని తిట్టుకుంటారు. నా దృష్టిలో ఆ లెక్కే తప్పు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ 1973లో ప్రచురించిన ప్రయోగం చూడండి. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మందిని ఒక్కొక్కరిగా పక్క భవనంలోకి వెళ్ళి చిన్న ప్రసంగం చెయ్యమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం, దారిలో దెబ్బలు తిని పడున్న బాటసారిని ఆదుకున్న మంచి సమరయుడి బైబిల్ కథ. వెళ్ళే సందులో ఒక గుమ్మం దగ్గర ఒకతను తల వాల్చేసి, దగ్గుతూ మూలుగుతూ కూర్చుని ఉంటాడు. ‘ఇంకా టైముంది’ అని పంపినవాళ్ళలో 63 శాతం ఆగి ఏదో ఒక సాయం చేశారు. ‘ఆలస్యమైపోయింది’ అని తరిమినవాళ్ళలో 10 శాతమే. చెప్పబోయేది సమరయుడి కథే అయినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అందుకే ‘వీలున్నప్పుడు రండి’ అనే పిలుపు పనిచెయ్యదు. వీలు ఎవరికీ ఉండదు. ‘శనివారం పదింటి నుంచి పన్నెండు దాకా, పుస్తకాల పెట్టెలు సర్దాలి, నలుగురు చాలు’ అంటే అవతలివాళ్ళు ఆ రెండు గంటలు దొరుకుతాయో లేదో చూసుకుంటారు.

ఇదే డార్లీ, బిబ్ లటానేతో కలిసి 1968లో ఇంకో సంగతి చూపించాడు. పక్క గదిలోంచి మైకులో మాట్లాడుతున్న మనిషికి ఫిట్స్ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో 85 శాతం, ఆ మూలుగులు ఆగేలోపే లేచి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారు అనుకుంటే అది 31 శాతానికి పడిపోయింది. వాళ్ళు రాతిగుండెవాళ్ళేమీ కాదు, చేతులు వణుకుతూ కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. ప్రథమ చికిత్స నేర్పేవాళ్ళు ‘నీలం చొక్కా మీరు, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి’ అని ఒక్కరి వైపు వేలు చూపించమనేది ఇందుకే. 200 మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టిన విన్నపం కన్నా పది మందికి పేరుపేరునా పంపినది ఎక్కువ పనిచేస్తుందని నేననేదీ ఇందుకే.

విన్నపంతో పాటు పెట్టే ఫొటోల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎదుటివాడి బాధ చూస్తే మనలో రెండు కదులుతాయి. ఒకటి వాడి మీద జాలి, రెండోది మన సొంత ఇబ్బంది. బాట్సన్ 1981 నాటి ప్రయోగంలో, తప్పుకునే దారి సులువుగా ఉన్నప్పుడు సొంత ఇబ్బంది ఎక్కువైనవాళ్ళు చాలావరకు తప్పుకున్నారు, జాలి కలిగినవాళ్ళు నిలబడ్డారు. ఫోన్‌లో తప్పుకోవడానికి బొటనవేలు కదిపితే చాలు. చూడలేనంత ఘోరమైన ఫొటో పెడితే జనం చేసేది అదే. పైగా ఆ ఫొటోలో ఉన్న మనిషికీ పరువుంటుంది, అది మర్చిపోతాం.

ఒక ముఖం, ఒక పేరు, ఒక అవసరం చాలు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, చేతిలో 5 డాలర్లున్నవాళ్ళు ఒక ఆకలిగొన్న పాప గురించి చదివి సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షల మంది అంకెలు చదివినవాళ్ళు 1.14. పాప కథ పక్కనే అంకెలూ పెడితే 1.43కి దిగింది. అంకెలు చేరిస్తే బలం పెరుగుతుందనుకుని పోస్టర్ కింద గణాంకాలు కుక్కేవాళ్ళు గమనించాలి. అంకెలు కావాల్సినవాళ్ళకు రెండో పేజీలో పెట్టండి.

డబ్బు ఆశ చూపిస్తే పని ఇంకా జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లలు ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసే పని మీద ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టిచీనీ ఒక ప్రయోగం చేశారు. ప్రతిఫలమేమీ లేని జట్లు అందరికన్నా ఎక్కువ తెచ్చాయి. వసూళ్ళలో 1 శాతం ఇస్తామన్న జట్లు అందరికన్నా తక్కువ. 10 శాతం అన్నవాళ్ళు మధ్యలో ఆగారు. చిల్లర చూపించగానే అది సేవ అన్న లెక్క పోయి కూలి లెక్క మొదలవుతుంది, ఆ కూలేమో గిట్టదు. వాలంటీర్లకు దారి ఖర్చులు ఇవ్వండి, అది వేరు. గంటకింత అని మాత్రం విసరకండి.

పెద్ద దాత ఎవరైనా ‘మీరెంతిస్తే నేనూ అంత కలుపుతా’ అంటే వాడుకోండి. డీన్ కార్లన్, జాన్ లిస్ట్ అమెరికాలో ఒక సంస్థ పాత దాతలు 50 వేల మందికి ఉత్తరాలు పంపి చూశారు. అలా కలుపుతామన్న మాట ఉంటే, లేని ఉత్తరాల కన్నా ఉత్తరానికి వచ్చే సొమ్ము 19 శాతం పెరిగింది. రెండింతలు, మూడింతలు కలుపుతామన్నా అంతకు మించి పెరగలేదు. కాబట్టి మూడింతల కోసం దాతను పీడించక్కర్లేదు.

ఇక వస్తువులు. ఇచ్చేవాళ్ళకు ఇవ్వడంలో ఒక వెచ్చదనం ఉంటుంది, తన స్వెటర్ వేసుకున్న పిల్లాడు కళ్ళముందు కనబడతాడు. డబ్బులో ఆ బొమ్మ కనబడదు. విపత్తు జరిగిన చోటికి పాత బట్టలు కుప్పలుగా వచ్చిపడేది అందుకే. సహాయకులు మందుల పెట్టెలు దించాల్సిన చోట సైజుల వారీగా ప్యాంట్లు ఏరుతూ కూర్చుంటారు. ఇచ్చినవాళ్ళను తప్పుపట్టి లాభం లేదు, అడిగిన తీరు మార్చాలి. ముందు తీసుకునేవాళ్ళను అడిగి జాబితా రాయండి: వస్తువు, సైజు, ఎన్ని, ఎప్పటిలోగా, ఎక్కడ దించాలి. పాతవి తీసుకుంటారో లేదో స్పష్టంగా రాయండి. దుప్పట్లు సరిపోయిన గంటలోనే ‘దుప్పట్లు చాలు, ఇంక పంపకండి’ అని పెట్టండి. ఈ ఆఖరి మెసేజ్ పెట్టడానికి చాలామందికి మొహమాటం. పెట్టకపోతే వారం తర్వాత గోదాంలో నానిపోయిన దుప్పట్లను ఏం చెయ్యాలో కూడా మీరే చూసుకోవాలి.